నాయన చెప్పని మాట

నాయన కాలు ఆయన తొందర వల్లే పోయిందని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం. అందరికంటే గట్టిగా నమ్మినవాడు నాయనే.

మాది చిత్తూరు వైపు నుంచి కేజీఎఫ్‌కు బంగారు గనుల పని కోసం వచ్చిన కుటుంబం. తాత దొరల కాలంలో గనిలోకి దిగాడు. నాయన పెద్దవాడై పనిలో చేరేసరికి గనులు సర్కారు చేతికి వచ్చేశాయి. మేం ఉన్నది కార్మికుల లైను ఇళ్ళలో. పైన రేకులు, ఇంటికీ ఇంటికీ మధ్య వెదురు తడిక మీద మట్టి మెత్తి సున్నం కొట్టిన గోడ. ఆ గోడ ఎంత పలచన అంటే, పక్కింట్లో ఎవరైనా దగ్గితే మా అమ్మ ఇక్కడినుంచే మిరియాల కషాయం కాచుకోమని చెప్పేది.

ఆ పక్కింట్లో ఉండే ఆయన్ని నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. మాకు చుట్టం కాదు. ఆయన వాళ్ళు ఆర్కాటు వైపు తమిళులు, గుడికి కాదు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో తమిళం, మాతో తెలుగు. నాయనా ఆయనా భూమిలోకి నిలువుగా దిగే ఒకే షాఫ్టులో పనిచేశారు. మనుషుల్ని గనిలోకి దించి మళ్ళీ పైకి తెచ్చే ఇనుప పెట్టెను కేజు అంటారు. అడుగున అందరూ కేజులోకి ఎక్కారో లేదో చూసి గంట కొట్టడం చిన్నాయన పని. ఆ గంట వినబడితేనే పైన ఇంజను దగ్గర ఉన్నవాడు కేజును లాగుతాడు.

ఒక సాయంత్రం నాయన ఎక్కుతుండగా కేజు లేచింది. ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. ఆసుపత్రిలో దాన్ని తీసేశారు. తర్వాత జరిగిన విచారణలో, గంట కొట్టిన తర్వాత నాయన పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కబోయాడని చిన్నాయన చెప్పాడు. నాయనకు స్పృహ తప్పి ఆ క్షణం ఏదీ సరిగ్గా గుర్తులేదు. ఆ రోజు ఇంట్లో నాకు జ్వరం. తొందరగా ఇల్లు చేరాలన్న ఆత్రంలో అలా చేసే ఉంటానని నాయన ఒప్పేసుకున్నాడు.

కాలు పోయాక ఆయన్ని లాంపు రూములో వేశారు. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళకు తలకు పెట్టుకునే దీపాలు ఇచ్చి, వచ్చేటప్పుడు తీసుకునే పని అది. కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ దీపం చేతికిస్తూ తన చంకకర్ర చూపించేవాడు. "గంట కొట్టినాక అడుగు యెయ్యద్దప్పా. నా మాదిరి తొందరపడొద్దు," అనేవాడు. కుర్రవాళ్ళు ఆ మాట విని బయటికి వచ్చి నవ్వుకునేవాళ్ళు గానీ మరిచిపోయేవాళ్ళు కాదు. నాయనకు దాంట్లో ఒక గర్వం కూడా ఉండేదని నా అనుమానం. పోయిన కాలుకు ఒక ప్రయోజనం దొరికినట్టు.

అమ్మ సంగతి వేరు. ఇంట్లో నీళ్ళ బిందె ఒలికినా, బస్సు తప్పిపోయినా, చివరికి అన్నం మాడినా ఆమె నోట ఒకటే మాట వచ్చేది. "నీ తొందరే నీ కాలు తినింది. ఇంగా బుద్ధి రాలేదు." నాయన తలవంచుకుని ఊరుకునేవాడు.

ఇలా పదేళ్ళకు పైనే గడిచాయి. నేను చదువు ముగించి, కన్యాస్త్రీలు నడిపే ఒక బడిలో టీచరుగా చేరాను.

ఆ ఏడు ఎండలు ముదరకముందు, ఒక బుధవారం సాయంత్రం చిన్నాయన మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. నుదుటి మీద బూడిద గుర్తు ఉంది. నాయన బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూడగానే నవ్వాడు.

"యేమప్పా, యెప్పుడు మా శివుడి పక్కకు వచ్చేసినావు?"

"ఇది మా విభూదే అన్నా. ఈ పొద్దు విభూది బుధవారం. తపసుకాలం మొదులు."

"సరే, కూర్చో. కాపీ తాగుదువు."

"వద్దన్నా. నిలబడే చెప్తాను. కూర్చుంటే చెప్పలేను."

లోపలినుంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను పిల్లల పుస్తకాలు దిద్దుతూ అక్కడే ఉన్నాను. చిన్నాయన మా ముగ్గురిలో ఎవరివైపూ చూడలేదు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు పరిగెత్తుకోని రాలేదు. అందరితో బాటే వచ్చినావు. ఒక కాలు కేజులో పెట్టినావు, ఇంకో కాలు బయట ఉండాది. నేను చూడకుండా గంట కొట్టేసినాను. నా తరవాత షిఫ్టువాడు రాలేదని ఆ షిఫ్టు కూడా నేనే చేస్తా వుంటిని. కండ్లు మూసుకోని పోయినాయి. పని పోతాదని భయపడి ఎంక్వైరీలో అట్ల చెప్పేసినాను."

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"వదినమ్మ నిన్ను తిట్టినప్పుడంతా గోడకు ఆ పక్క నేను వింటా వుంటిని. ఇంగ నా వల్ల కాలేదు. చర్చిలో సామియార్ దగ్గర నా పాపం చెప్పుకోని పాపసంకీర్తనం చేసినాను. దేవుడి దగ్గర చెప్పింది సరే, యెవురికి చెడుపు చేసినావో వాళ్ళ దగ్గరికి పోయి చెప్పు అన్నాడు. నన్ను క్షమించినాను అని ఒక్క మాట చెప్పన్నా."

నాయన తన చంకకర్ర వైపు చూశాడు. తర్వాత ఆయన అడిగిన మాట నేను ఊహించినది కాదు.

"అయితే నేను పరిగెత్తలేదా?"

"లేదన్నా."

"పరిగెత్తినట్టే గుర్తుండాదే నాకు. బూటు జారినట్టు కూడా గుర్తుండాది."

"లేదన్నా. నువ్వు మెల్లగానే వచ్చినావు."

నాయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. "చీకటి పడతా వుండాది, ఇంటికి పోప్పా," అన్నాడు. చిన్నాయన వెళ్ళిపోయాడు. ఆయన తమ ఇంట్లోకి వెళ్ళి మంచం మీద కూర్చున్న చప్పుడు కూడా గోడలోంచి మాకు వినబడింది.

నాయనకు ఇక హాయిగా ఉంటుందని నేను అనుకున్నాను. తన తప్పు కాదని తెలిసింది గదా. కానీ ఆ మరుసటి రోజునుంచి ఆయన లాంపు రూములో నోరు తెరవడం మానేశాడు. దీపం అందిస్తాడు, అంతే. ఒక కుర్రవాడు మా బడి దగ్గర కనిపించి, "టీచరమ్మా, మీ నాయనకు ఒళ్ళు బాలేదా? మాకు యేమీ చెప్పడంలేదు," అన్నాడు. ఏమని చెప్పను? మా నాయన ఇన్నేళ్ళూ మీకు చెప్పింది జరగనే లేదని చెప్పనా?

ఇంట్లో కూడా అంతే. అన్నం ముందు కూర్చుని ఒక్కసారిగా, "నేను పరిగెత్తినాను. వాడికే గుర్తులేదు," అనేవాడు. మరో పూట, "పరిగెత్తలేదంటాడే, మరి యెందుకు ఒప్పుకున్నాను నేను?" అని నన్నే అడిగేవాడు. కాలు పోయినప్పుడు కూడా ఆయన్ని ఇంత అయోమయంలో నేను చూడలేదు.

అమ్మ మాత్రం మండిపడింది. ఒకరోజు చిన్నాయన వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, లైను అంతా వినేలా అడిగింది. "నీ బరువు నువ్వు దించుకోని మా ఇంట్లో పెట్టేసి పోయినావు కదప్పా! ఇన్నేండ్లు నేను ఆ మనిషిని అన్న మాటలుండాయే, అవి యెవురు వెనక్కి తీసుకుంటారు? నువ్వు తీసుకుంటావా, మీ సామియార్ తీసుకుంటాడా?"

చిన్నాయన భార్య లోపల ఏడుస్తూ ఉంది. ఆమెకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసిందట.

అంత జరిగినా చిన్నాయన ప్రతి శుక్రవారం సాయంత్రం చర్చిలో సిలువ మార్గం ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చేవాడు. నాయన మంచానికి ఎదురుగా రాతి మీద కూర్చునేవాడు. ఇద్దరూ షిఫ్టుల గురించో, నీళ్ళు రాకపోవడం గురించో రెండు మాటలు మాట్లాడుకునేవాళ్ళు. వెళ్ళేముందు ఆయన ఒకసారి నాయన ముఖంలోకి చూసేవాడు. నాయన ఇంకెటో చూసేవాడు. ఆ రోజుల్లో చిన్నాయన చిక్కిపోయాడు. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజుల తపసుకాలంలో మాంసం, సారాయి మానేయడం వాళ్ళలో మామూలే. ఆయన ఒక పూట అన్నం కూడా మానేశాడని ఆయన భార్య చెప్పింది.

నా మనసు ఎటూ నిలవలేదు. ఒకరోజు చిన్నాయనను చూస్తే జాలి, మరో రోజు నాయనను చూస్తే కోపం, ఇంకో రోజు ఇద్దరినీ వదిలేసి అమ్మ గురించి దిగులు. చివరికి బడిలో పెద్ద సిస్టరును అడిగాను. ఆమె మంగళూరు వైపు మనిషి, కన్నడంలో మాట్లాడేది. పిల్లలు వెళ్ళాక వరండాలో కూర్చుని అంతా విన్నది.

తపసుకాలం అంటే ఒట్టి ఉపవాసం కాదని ఆమె చెప్పింది. మనిషి తాను మట్టినని గుర్తు తెచ్చుకుని, తాను ఎవరినుంచి దూరంగా జరిగాడో వాళ్ళ వైపు తిరిగి నడవడమే దాని అర్థం అన్నది. వాళ్ళ లెక్కలో పాపం అంటే ఒక నియమం తప్పడం మాత్రమే కాదట, ఒక బంధం తెంచడం. దేవుడి క్షమ అడిగితే దొరుకుతుంది. కానీ మనిషి క్షమను అడగవచ్చు గానీ గుంజుకోకూడదు అని చెప్పింది.

"మరి ఆయన చెప్పకుండా ఉండి ఉంటే? మా నాయన తన తప్పే అనుకుని ప్రశాంతంగా ఉండేవాడు సిస్టర్. ఇప్పుడు అదీ లేదు."

ఆమె మెడలోని సిలువను వేళ్ళతో అటూ ఇటూ తిప్పింది. అబద్ధం మీద ఉన్నది ప్రశాంతత ఎలా అవుతుంది అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"గొత్తిల్లమ్మా," అన్నది. తెలియదమ్మా అని.

అంత చదువుకున్న, అంత ప్రార్థన చేసే మనిషి తెలియదంటే నాకు ధైర్యం రావాలో, ఉన్న కాస్త ధైర్యం పోవాలో అర్థం కాలేదు. మా వైపు ఆలోచన అయినా సాయపడుతుందా అని చూసుకున్నాను. మా ఇళ్ళలో ఇలాంటివి జరిగితే తలరాత అంటారు, ఎప్పటి కర్మమో అంటారు. అందులో ఎవరూ ఎవరినీ క్షమించాల్సిన పని లేదు. కానీ గంట కొట్టింది తలరాత కాదు గదా, పక్కింటి మనిషి.

అమ్మ తనకు తెలిసిన దారి పట్టింది. బడికి సెలవున్న ఒకరోజు కురుడుమలె వినాయకుడి దగ్గరికి వెళ్దామన్నది. నాయన రానన్నాడు. "మొక్కు ఉండాది, రావల్ల," అని ఆమె పట్టుబట్టింది. ఏం మొక్కో చెప్పలేదు. ముగ్గురం బస్సులో ముళబాగిలు వరకు వెళ్ళి, అక్కడ లారీల మధ్య చాలాసేపు నిలబడి, ఇంకో బస్సు పట్టుకుని గుడి చేరాం.

అక్కడి వినాయకుడు మనిషికి రెండింతల ఎత్తు. నాయన చంకకర్ర ఆనించుకుని ఒక చేత్తోనే దండం పెట్టుకున్నాడు. పూజారి హారతి ఇచ్చి లోపలికి తిరిగాక, అమ్మ కొంగు నడుముకు బిగించి, చేతులు అడ్డంగా వేసి రెండు చెవులూ పట్టుకుంది. గుంజీళ్ళు తీయడం మొదలుపెట్టింది. అప్పటికే ఆమెకు మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవడానికి నా భుజం పట్టుకునే మనిషి. లేచినప్పుడల్లా మూలుగుతోంది. కానీ ఆపలేదు. నేను పట్టుకోబోతే కళ్ళతోనే వద్దన్నది.

కాసేపటికి నాకు కనబడింది. ఆమె దేవుడి వైపు తిరిగి లేదు. నాయన వైపు తిరిగి ఉంది.

నాయనకూ అది తెలిసింది. ముఖం ఎర్రబడిపోయింది. "యేమే ఇది, చాలు లే. జనం చూస్తా వుండారు."

"చూడనీ."

"నీ మోకాళ్ళు యేం గావల్ల?"

"నీ కాలు పోయినప్పుడు యేమైంది? యేమీ కాలేదు గదా నాకు. నోరు మాత్రం పెరిగింది," అన్నది అమ్మ ఆయాసంతో.

నాయన కర్ర వదిలేసి ఆమె చేతులు చెవుల మీదనుంచి లాగేశాడు. ఒంటికాలి మీద తూలబోతే నేను వెనకనుంచి పట్టుకున్నాను. ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని గుడిలో నిలబడ్డాం. దర్శనానికి వచ్చినవాళ్ళు ఎవరో పడిపోయారనుకుని నీళ్ళు తెచ్చారు.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చుని, "నేను పరిగెత్తలేదంట," అన్నాడు. మొదటిసారి ఆ మాటలో వాదన లేదు. అమ్మ, "ఊ," అన్నది. అమ్మను నాయన క్షమించాడా అంటే, అందులో నాకు సందేహం లేదు. ఆ పని మా కళ్ళముందే జరిగింది. మరి ఆమెను అంత సులభంగా క్షమించగలిగిన మనిషి చిన్నాయనకు ఒక్క మాట ఎందుకు ఇవ్వలేకపోయాడన్నదే నాకు కొత్త చిక్కయింది.

పెద్ద శుక్రవారం వచ్చింది. క్రీస్తును సిలువ వేసిన రోజు. ఆ రోజు చర్చివాళ్ళు పెద్ద చెక్క సిలువ మోసుకుంటూ లైన్ల మధ్య నుంచి, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బల దాకా నడిచేవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకుంటారు. హిందువులు, ముస్లిములు కూడా గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళు. కొందరు కాలే నేల మీద నీళ్ళు పోసేవాళ్ళు. మా లైను దగ్గరికి వచ్చేసరికి సిలువ చిన్నాయన భుజం మీద ఉంది. మిట్టమధ్యాహ్నం. రేకులమీద ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. చిన్నాయన పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

నాయన ఒక చంకలో కర్ర, ఇంకో చేతిలో చెంబుతో వీధిలోకి వచ్చాడు. చెంబులో మజ్జిగ. ఊరేగింపు ఆగింది.

"తాగప్పా," అన్నాడు.

ఆ రోజు మూడు గంటల వరకు పచ్చి నీళ్ళు కూడా ముట్టకూడదని చిన్నాయన మొక్కుకున్నాడని లైనులో అందరికీ తెలుసు. నాయనకూ తెలుసు. చిన్నాయన సిలువ కింద వంగి నాయన వైపు చూశాడు. వెనక పాట ఆగిపోయింది. ఎవరో, "ఉపవాసం, ఉపవాసం," అని గొణిగారు.

"తాగు," అన్నాడు నాయన మళ్ళీ.

చిన్నాయన ఒక చేత్తో చెంబు అందుకుని మొత్తం తాగాడు. గడ్డం మీద కారింది. చెంబు తిరిగి ఇచ్చి, సిలువ సర్దుకుని ముందుకు కదిలాడు. పాట మళ్ళీ మొదలైంది.

నాయన ఆ మజ్జిగ ఎందుకు ఇచ్చాడో నాకు ఈనాటికీ తెలియదు. దాహంతో ఉన్న మనిషికి జాలిపడి ఇచ్చాడా? లేక అంత నిష్ఠగా మొక్కుకున్న ఉపవాసాన్ని విరగగొట్టి, నువ్వు కూడా ఒకటి పోగొట్టుకో అన్నాడా? చిన్నాయన కూడా క్షమ దొరికిందని తాగాడా, శిక్ష అనుకుని తాగాడా? ఆ సాయంత్రం నేను ధైర్యం చేసి అడిగాను.

"ఆయన్ని క్షమించినావా నాయనా?"

"యెండగా వుండింది," అన్నాడు నాయన. మళ్ళీ తనే, "నన్ను యేమీ అడగద్దమ్మా. నాకే తెలీడంలేదు," అన్నాడు.

ఈస్టరు రోజు చిన్నాయన ఇంటినుంచి బిరియానీ వచ్చింది. మామూలుగా ప్రతి ఏడూ వచ్చేదే. నాయన తిన్నాడు. శుక్రవారాలు రావడం చిన్నాయన మానలేదు. లాంపు రూములో నాయన మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు గానీ, కాలు కథ చెప్పడం మాత్రం పూర్తిగా ఆపేశాడు. కుర్రవాళ్ళను, అన్నం తిన్నారా, నిద్రపోయారా అని అడిగేవాడట.

తర్వాత గనులు మూతపడ్డాయి. చిన్నాయన కుటుంబం కోలారు అవతల నరసాపురం దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికిన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. నాయన ఒక వానాకాలంలో, పెద్దగా ఎవరినీ కష్టపెట్టకుండా పోయాడు. కబురు అందగానే చిన్నాయన వచ్చాడు. శవం లేచేదాకా చెప్పులు లేకుండా నిలబడే ఉన్నాడు. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, మీ నాయన పోయేముందు నా గురించి యేమైనా చెప్పినాడా?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు తెలుసు. అవునని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు చిన్నాయనా," అన్నాను. "చెప్పలేదు."

ఆయన తల ఊపాడు. బాధపడ్డాడో, అదే అనుకున్నాడో ముఖంలో తెలియలేదు. "ఇక్కడి మా పాత చర్చిలో అన్న పేరుతో ఒక పూజ పెట్టించుకుంటాను. మీరు వేరే మతం. తప్పయితే వద్దులేమ్మా," అన్నాడు.

నేను అమ్మను అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "వాళ్ళ దేవుడికి మన మనిషి గురించి యేమి చెప్తాడో కనుక్కో," అన్నది. చిన్నాయనను అడిగితే, "నేను చెప్పేదేముండాది? సామియార్ పేరు చదువుతాడు, అంతే," అన్నాడు. ఆ మాట చెప్పాక అమ్మ కాస్త ఆలోచించింది. "పేరు సరిగ్గా చదవమను. ఇంటి పేరుతో," అన్నది.

ఆ ఆదివారం ఇద్దరం వెళ్ళాం. అమ్మ చర్చిలోపలికి రావడం అదే మొదటిసారి. వెనక బెంచీలో అంచున కూర్చుంది. పూజ తమిళంలో సాగుతోంది. మధ్యలో చనిపోయినవాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టారు. తమిళ పేర్ల మధ్య, కొంచెం తమిళ యాసతో, మా ఇంటి పేరు, ఆ వెనక నాయన పేరు వినబడ్డాయి.

అమ్మ ఠక్కున లేచి నిలబడింది. తననెవరో పిలిచినట్టు. చర్చిలో అందరూ కూర్చునే ఉన్నారు. ముందు వరసలో చిన్నాయన తల వెనక్కి తిప్పి చూశాడు. నేను అమ్మ కొంగు పట్టి లాగాను. ఆమె కూర్చోలేదు. నిలబడాలో, ఆమెను కూర్చోబెట్టాలో తెలియక నేనూ లేచి పక్కన నిలబడ్డాను.